చింతపండుతో తోమిన తుపాకీ

నేను జీవితంలో ఒక్కసారే తుపాకీని సొంతంగా చేతిలోకి తీసుకున్నాను. గుండు పేలలేదు, పిట్ట చావలేదు, పక్కింటివాళ్ళు ఉలిక్కిపడనైనా లేదు. అయినా ఆ రోజు నేను చేసిన నష్టం ఒక చిన్న యుద్ధం చేసేదానికి తక్కువేమీ కాదు. పాత తుపాకులంటే ప్రాణం పెట్టేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఇక్కడే చదవడం ఆపి లేచి వెళ్ళిపోండి. తర్వాత నన్ను తిట్టి లాభం లేదు. తిట్టాల్సినవాళ్ళందరూ అప్పుడే తిట్టేశారు.

అది తొంభై ప్రాంతం. నాకు ఇరవై ఏడేళ్ళు. రేపల్లె నుంచి ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి రెండేళ్ళయింది. ఒక పెద్దాసుపత్రి ల్యాబ్‌లో రక్తమూ, రక్తం కాని ఇంకా చాలా వాటినీ పరీక్షించే ఉద్యోగం. కానింగ్ వేల్‌లో అద్దె గది. అప్పట్లో కానింగ్ వేల్ సగం ఇసుక, సగం గోడౌన్లు. ఆ ఆసుపత్రిలోనే షీలా ఫిజియోథెరపిస్టు. ఒకరోజు క్యాంటీన్‌లో నేను పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటుంటే ఎక్కణ్ణుంచో వాసన పట్టి వచ్చి, "ఈజ్ దట్ ఆవకాయ? కొంచెం పెడతారా?" అని అడిగింది. పెట్టాను. ఆ క్షణం నుంచి నేను నా చేతుల్లో లేను.

షీలా వాళ్ళ నాన్న డాక్టర్ ఆనందరావుగారు. ఒంగోలు మనిషి. షీలాకి మూడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చి, పెర్త్‌కి రెండున్నర గంటల దూరాన, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊళ్ళో ప్రాక్టీసు పెట్టారు. ఆరడుగుల మనిషి. ఒత్తయిన మీసం. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపు మన మీద పడితే చెయ్యని తప్పులు కూడా గుర్తొస్తాయి.

మా ఇద్దరి సంగతీ షీలా ఆయన చెవిన వేసింది. ఆయన కాదనలేదు, ఔననలేదు. రెండే అడిగారట. మొదటిది మతం గురించి. వాళ్ళు బాప్టిస్టులు, ఎదిగాక నీళ్ళలో నిండా ముంచితేనే బాప్తిస్మం అనేవాళ్ళు. మేం లూథరన్లం. "అంటే పసితనంలో తలమీద నాలుగు చుక్కలు చల్లించుకుని అదే బాప్తిస్మం అనుకునేవాళ్ళా?" అన్నారట. రెండోది అంతకన్నా ఘోరం. "అతను చాలా మంచివాడు డాడీ" అని షీలా అంటే, "మంచివాడేనమ్మా, చూస్తేనే తెలుస్తోంది. ఏ పనికొస్తాడు?" అన్నారట.

ఏ పనికొస్తానో నాకూ తెలియదు. ఆయనకి మాత్రం ఏదో ఒక పనికొచ్చేవాడిలా కనిపించి తీరాలి, లేకపోతే షీలా నాకు దక్కదు. అంతవరకు స్పష్టంగా తెలుసు.

ఆ కంగారులోనే మొదటిసారి వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు నోరు జారాను. ఆయన ఏదో కుందేళ్ళు పంట పాడుచేస్తున్నాయని, తుపాకీ తీసి చాలా రోజులైందని అన్నారు. నేను వెంటనే అందుకున్నాను.

"మా తాతగారు కూడా వేటగాడేనండీ. నల్లమలలో పులిని కొట్టారు."

ఆయన చెంచా కింద పెట్టారు. "పులినా?"

"ఒకటి కాదండీ," అన్నాను. ఒకసారి మొదలుపెట్టాక ఒక పులితో ఆగడం కష్టం. "ఇంట్లో మూడు తుపాకులుండేవి. చిన్నప్పుడు వాటిని శుభ్రం చేసింది నేనే."

మా తాతగారు రేపల్లె బళ్ళో లెక్కల మాస్టారు. గోడమీద బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కి నిలబడి మా నాయనమ్మని కేకేసేవారు.

రెండు నెలల తర్వాత ఫోన్. "జయరాజ్, నీకు తుపాకుల సంగతి తెలుసు కదా. ఈ శనివారం రా, పనుంది." పెట్టేశారు. ఆ "పనుంది" అన్న మాటకి నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి పనికొచ్చేవాణ్ణయ్యాను!

పని ఇది. ఆనందరావుగారు ప్రాక్టీసు మానేసి పెర్త్‌కి మారిపోతున్నారు. సిటీలో మూడు తుపాకులు పెట్టుకుని ఏం చేస్తామని, రెండు ఆ ఊరి రైతులకి ఇచ్చేసి ఒక్కటి మాత్రం ఉంచుకోదలిచారు. ఆ ఒక్కటీ ఆయన తర్వాత పిల్లలకి, వాళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలకి చేరాలి. ఏది ఉంచాలో తేలడం లేదు. ఆదివారం చర్చి అయ్యాక భోజనాల దగ్గర ప్రకటిస్తానన్నారు. ఈలోగా నిపుణుడి సలహా కావాలి. నిపుణుణ్ణి నేను.

శనివారం పొద్దున వెళ్ళేసరికి భోజనాల బల్లమీద ఉన్ని దుప్పటి పరిచి, మూడు తుపాకుల్నీ వరసగా పడుకోబెట్టారు. తూటాలు వేరే బీరువాలో ఉన్నాయి, దాని తాళంచెవి ఆయన జేబులో ఉంది. బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. షీలా, వాళ్ళమ్మ సుగుణ ఆంటీ, తమ్ముడు సామ్. సామ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఇక్కడే పుట్టినవాడు కాబట్టి తెలుగంతా అర్థమైనా, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"ఇది చిన్న రైఫిల్. కుందేళ్ళకి," అన్నారు ఆనందరావుగారు. "ఇది మిలిటరీ రైఫిల్. పాతదే గాని గురి తప్పదు. ఇక ఇది..."

మూడోదాని దగ్గర ఆయన గొంతు మారింది. రెండు గొట్టాల షాట్‌గన్. దాన్ని విప్పి గొట్టాలు ఒకపక్క, కర్రభాగం ఒకపక్క పెట్టారు. గొట్టాలు ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. దగ్గరగా చూస్తే ఆ రంగులో సన్నటి అలలు అలలుగా ఏదో గీత.

"ఇది జాక్‌ది. ఈ ఊరొచ్చిన మొదటి నెల నా దగ్గరికి ఒక్క పేషెంటూ రాలేదు. నల్ల డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు? మొదట వచ్చింది జాక్. గుర్రం మీంచి పడి కాలు విరిగి. 'నొప్పి తగ్గిస్తే చాలు, నువ్వే రంగులో ఉన్నా నాకొకటే' అన్నాడు. అతను కుంటుకుంటూ ఊరంతా తిరిగి చెప్పాక ఊరంతా వచ్చింది. పిల్లల్లేరు పాపం. పోయేముందు వాళ్ళ తాతనాటి తుపాకీ నా చేతిలో పెట్టి, మీ ఇంటి వస్తువుగా ఉంచుకో, గడప దాటించకు అని మాట తీసుకున్నాడు."

"మరింకేం? జాక్ అంకుల్‌ది ఉంచేయండి డాడీ. ఎండ్ ఆఫ్ డిస్కషన్," అంది షీలా.

"నో వే," అన్నాడు సామ్. "కీప్ ద మిలిటరీ వన్. ఇట్ యాక్చువల్లీ వర్క్స్. జాక్స్ గన్ ఈజ్ జస్ట్ ఓల్డ్."

"నన్నడిగితే మూడూ ఇచ్చెయ్యండి," అంది ఆంటీ. "పిల్లలకివ్వడానికి నా గాజులున్నాయి, మా అమ్మ గొలుసుంది. రేపు మనవరాలు పుడితే దాని చేతిలో తుపాకీ పెడతారా?"

ఆనందరావుగారు నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు? మీ తాతగారైతే ఎలా ఎంచేవారు?"

మా తాతగారు పుచ్చకాయని ఎలా ఎంచేవారో నాకు బాగా తెలుసు. అందుకని గొట్టాన్ని వేలితో కొట్టి చెవి ఒగ్గి విన్నాను. బరువు చూశాను. వాసన కూడా చూశాను. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇనుము మంచిదండీ," అన్నాను గంభీరంగా.

"ఊఁ," అన్నారాయన. నా మాటలో లోతు వెతుకుతున్నట్టు ఒక క్షణం ఆగారు. "నా మనసూ దీనిమీదే ఉంది. కానీ సామ్ కూడా ఇష్టంగా తీసుకోవాలి కదా. లేకపోతే నా తర్వాత అటకెక్కుతుంది. రేపు చూపించేటప్పటికి కొంచెం ముస్తాబుగా ఉండాలి. నువ్వు అలవాటున్నవాడివి. నూనె గుడ్డతో తుడిచి పెట్టు. నూనె గుడ్డ, అంతే."

అంతలో ఫోన్ మోగింది. ఎవరో రైతుకి ట్రాక్టర్ మీంచి జారి భుజం కీలు తప్పిందట. మిగతా రెంటినీ బీరువాలో పెట్టి తాళమేసి, సంచీ పట్టుకుని ఆయన వెళ్ళిపోయారు. సామ్ "సీ యూ దిస్ ఆర్వో" అని, అంటే మధ్యాహ్నం కలుద్దామని, ఫుట్‌బాల్‌కి పోయాడు. ఆంటీ, షీలా చర్చిలో పూలు సర్దడానికి వెళ్ళారు. వెళుతూ షీలా వెనక్కి తిరిగి, "జై, డాడీ ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వరు తెలుసా? హీ లైక్స్ యూ," అని కన్ను గీటింది.

ఆ కన్నుగీటే నా కొంప ముంచింది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మా అమ్మ దృష్టిలో ప్రపంచంలో రెండే రకాల వస్తువులున్నాయి. తోమినవీ, తోమాల్సినవీ. క్రిస్మస్‌కి వారం ముందు మా ఇంట్లో ఉన్న ప్రతి రాగి బిందె, ఇత్తడి చెంబు, కంచు గిన్నె పెరట్లో కుప్ప పడేవి. చింతపండు, ఉప్పు, పీచు. నేనూ మా అక్కయ్యలూ చేతులు మంట పుట్టేదాకా తోమేవాళ్ళం. చివర్లో మా అమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, అందులో తన మొహం కనిపిస్తేనే ఒప్పుకునేది. కనిపించకపోతే ఆ చెంబు మళ్ళీ నా ఒళ్ళోకే వచ్చేది.

అలా పెరిగినవాడి ముందు గోధుమ రంగు తిరిగిన ఇనుము పెట్టి వెళ్ళిపోతే ఏమవుతుంది చెప్పండి? నూనె గుడ్డతో రెండుసార్లు తుడిచాను. గుడ్డ మాసింది గాని రంగు పోలేదు. పాపం ఆనందరావుగారు! ఊరందరి తుప్పూ వదిలించే మనిషికి తన తుపాకీ తుప్పు వదిలించుకునే తీరిక లేదు. సామ్ వద్దంటున్నాడంటే అనడూ మరి? ఎవరికి కావాలి ఇలాంటి మాసిన వస్తువు? తళతళ మెరిసేలా చేసి పెడితే సామ్ ఎగిరి గంతేస్తాడు, ఆనందరావుగారు నా భుజం తడతారు, ఆ తర్వాత పెళ్ళి ముహూర్తం మాట్లాడుకోవడమే మిగిలింది. నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

వంటింట్లో వెతికితే సీసాలో చింతపండు కనిపించింది. మొత్తం తీశాను.

లాండ్రీలో బట్టలు నానేసే తొట్టె ఉంది. వేడినీళ్ళు నింపి చింతపండు పిసికి, గుప్పెడు ఉప్పు వేసి, గొట్టాల్ని అందులో నిండా ముంచాను. పావుగంట నాననిచ్చి స్టీల్ పీచు అందుకున్నాను. మొదటి జానెడు తోమేసరికి కింద నుంచి తెల్లటి ఇనుము మిలమిలా బయటికొచ్చింది. అబ్బ, ఎంత సంతోషమేసిందో! అక్కడ ఆపి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ జానెడు తెల్లగా, మూరెడు గోధుమ రంగులో ఉంటే బావుండదు కదా. మొత్తం తోమాను. తిప్పి తోమాను. మళ్ళీ ముంచి తోమాను. ఆ అలల గీతలు ఎంతకీ వదలకపోతే పీచు మార్చి, పళ్ళు బిగించి, పాత క్రీస్తు కీర్తన ఒకటి ఎత్తుకుని మరీ తోమాను. పన్నెండున్నరకి చివరి అల కూడా పోయింది.

వరండాలో ఎండకి పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. అందులో నా మొహం కనిపించింది. మా అమ్మ చూసి ఉంటే ఆనందంతో ఏడ్చేది.

సామ్ ముందొచ్చాడు. మెట్లెక్కుతూ ఆగిపోయాడు.

"మేట్," అన్నాడు. "వాట్ ఈజ్ దట్?"

"జాక్‌గారి తుపాకీ. ఎలా ఉంది?"

సామ్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. నా మొహం చూశాడు. మళ్ళీ దాన్ని చూశాడు.

"వేర్ ఈజ్ ద బ్రౌన్?"

"తుప్పా? వదిలించేశాను."

"దట్ వాజ్ నాట్ తుప్పు!" సామ్ నోటివెంట నేను విన్న మొదటి తెలుగు మాట అదే. "దట్స్ ద ఫినిష్! ద పాటర్న్! పీపుల్ పే ఫర్ దట్ పాటర్న్! మేట్, డాడ్ ఈజ్ గోయింగ్ టు కిల్ యూ. అండ్ హి హాజ్ త్రీ గన్స్." మళ్ళీ ఒకసారి వరండా వైపు చూశాడు. "సారీ. టూ గన్స్ అండ్ ఎ సాస్‌పాన్."

అలా మెట్లమీద కూలబడ్డాను. కళ్ళముందు షీలా పెళ్ళి జరిగిపోతోంది. పెళ్ళికొడుకు ఎవరో బాప్టిస్టు ఇంజనీరు. నేను చివరి వరసలో కూర్చుని కేకు తింటున్నాను.

"సామ్, ఏదో ఒకటి చెయ్యాలి," అన్నాను.

సామ్ మంచి కుర్రాడు. అయిదు నిమిషాలు పగలబడి నవ్వాక సాయానికొచ్చాడు. రంగు పోయింది కాబట్టి రంగు వెయ్యాలి. ముందు చిక్కటి టీ కాచి పోశాం. జారిపోయింది. ఈ దేశస్థులు పొద్దున్నే రొట్టె మీద రాసుకునే నల్లటి లేహ్యం ఉంది చూడండి, సామ్ అది తెచ్చి వేలితో రాశాడు. రంగు కొంచెం పట్టింది గాని ఈగలొచ్చాయి. కడిగేశాం. చివరికి సామ్ లోపలికి పరుగెత్తి బ్రౌన్ షూ పాలిష్ డబ్బా, బ్రష్ తెచ్చాడు. ఆనందరావుగారు చర్చికి వేసుకెళ్ళే బూట్లది.

అద్భుతం. దూరం నుంచి చూస్తే అచ్చం పాత రంగే. దగ్గర నుంచి చూస్తే బూటు. "డోంట్ లెట్ హిమ్ టచ్ ఇట్," అన్నాడు సామ్. ఇద్దరం కలిసి కర్రభాగానికి గొట్టాలు తగిలించి, తేడా తెలియకుండా కర్రకీ ఒక పూత పాలిష్ వేసి, దుప్పటి మీద పడుకోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అంతలో ఆంటీ, షీలా వచ్చారు. ఆంటీ గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.

"ఏం బాబూ, పులుసు పెట్టావా?"

"లేదాంటీ."

"లేకపోవడమేంటి, ఇల్లంతా చింతపండు వాసన కొడుతుంటే?" వంటింట్లోకి వెళ్ళింది. సీసా తెరిచిన చప్పుడు వినిపించింది. "నా చింతపండేదీ? రేపు చేపల పులుసుకని ఉంచుకున్నా! సామ్, నువ్వు తిన్నావా?"

"మమ్, హూ ఈట్స్ ఎ హోల్ జార్ ఆఫ్ చింతపండు?" ఆ రోజు సామ్ తెలుగు బాగా మెరుగుపడింది.

షీలా మాత్రం బల్ల దగ్గరే నిలబడి తుపాకీని చూస్తోంది. తర్వాత నా గోళ్ళకేసి చూసింది. "జై," అంది నెమ్మదిగా, "వాట్ డిడ్ యూ డూ?"

జవాబు చెప్పేలోపే కారు చప్పుడైంది.

ఆనందరావుగారు మంచి హుషారుగా ఉన్నారు. ట్రాక్టరు రైతు భుజం చక్కగా కూర్చుందట. చేతులు కడుక్కుని వచ్చి బల్ల ముందు నిలబడ్డారు.

"తుడిచావా?"

"తుడిచానండీ."

"ఏంటి, కొత్తగా మెరుస్తోంది?"

"అంతా మీ ఆశీర్వాదమండీ."

ఆయన మురిపెంగా చూసి, ఎవరం ఆపేలోపే తుపాకీ ఎత్తి భుజానికానించి, చెంప దానిమీద వాల్చి, కిటికీలోంచి దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకుకి గురిపెట్టారు. అలా చాలాసేపు ఉన్నారు. జాక్ గుర్తొచ్చాడనుకుంటా. తర్వాత దించారు.

"ఏమండీ, మీ మొహం!" అంది ఆంటీ.

కుడిచెంప మీద కంటి దగ్గర నుంచి మీసం దాకా నిగనిగలాడే బ్రౌన్ పట్టీ. ఎడమ అరచెయ్యి మొత్తం బ్రౌన్. ఆయన ఆ చేతిని చూసుకున్నారు, వాసన చూశారు. తర్వాత గొట్టం మీద బొటనవేలు పెట్టి రుద్దారు. వేలు కింద తెల్లగా మెరిసింది.

"షూ పాలిష్," అన్నారు.

"అవునండీ."

"దాని కింద?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదా?"

"అంతా పోయిందండీ. చింతపండుతో తోమాను."

"నా చింతపండు!" అంది ఆంటీ.

"ఆగు సుగుణా." ఆయన గొంతు హెచ్చలేదు. హెచ్చి ఉంటే బావుండేది. "మీ తాతగారి తుపాకులు కూడా చింతపండుతోనే తోమేవాడివా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. షీలా ఎలాగూ పోయింది, కనీసం అబద్ధమైనా పోనీ అనుకున్నాను. "మా తాతగారు లెక్కల మాస్టారండీ. తుపాకులు లేవు."

"మరి పులి?"

"పులి లేదండీ."

"నల్లమల?"

"నల్లమల ఉందండీ. అక్కడే ఉంది. మా తాతగారే వెళ్ళలేదు."

సామ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వరండాలోకి పారిపోయాడు. ఆనందరావుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తుపాకీ ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎలా తోమావో చెప్పు. చింతపండు నీళ్ళు పైన చల్లావా, ముంచావా?"

డాక్టరు కదా, గాయం ఎంత లోతో తెలుసుకోవాలనుకుంటున్నారు కాబోలనుకున్నాను. "ముంచానండీ. లాండ్రీ తొట్టెలో."

"సగమా, మొత్తమా?"

"నిండా మునిగేలా అండీ. మూడుసార్లు."

"నోట్లో ఏమైనా చదివావా?"

"కీర్తన పాడానండీ."

ఆయన తల గోడవైపు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. అంత పెద్దమనిషి ఏడుస్తున్నారు, నావల్లే అనుకుని నాకూ కళ్ళనీళ్ళొచ్చేశాయి. "అంకుల్, నన్ను క్షమించండి" అని దగ్గరికి వెళ్ళాను. చూస్తే, నవ్వు! మీసం అదిరేలా, పాలిష్ చెంప మీద కన్నీళ్ళు కారేలా నవ్వుతున్నారు.

"సుగుణా, విన్నావా? లూథరన్ కుర్రాడు నా తుపాకీకి నిండా ముంచి బాప్తిస్మం ఇచ్చాడు! వీళ్ళకీ ముంచడమే సరైనదని తెలిసొచ్చిందే!"

నవ్వు ఆగాక మాత్రం ఆయన చాలాసేపు ఆ గొట్టాన్ని నిమురుతూ కూర్చున్నారు. "ఆ రంగు జాక్ తాత చేతులు తగిలి, జాక్ చేతులు తగిలి ముదిరిందయ్యా," అన్నారు మెల్లిగా. "నేనిరవై ఏళ్ళు నూనె గుడ్డ తప్ప తగలనివ్వలేదు." నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇంత తెలివితక్కువవాణ్ణి ఏ తండ్రీ అల్లుడిగా చేసుకోడు, చేసుకోకూడదు కూడా అనిపించింది. రాత్రికి బస్సుంటే వెళ్ళిపోతానన్నాను. "రేపు భోజనం చేసి వెళ్ళు," అన్నారాయన.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. చేపల పులుసు టమాటాలతో పెట్టింది ఆంటీ. వడ్డించినప్పుడల్లా ఒకసారి నా వైపు చూసింది. తిన్నాక ఆనందరావుగారు గొంతు సవరించుకున్నారు.

"ఈ ఇంట్లో ఉండేది జాక్ తుపాకీయే. మిగతా రెండూ ఇచ్చేస్తున్నా."

"డాడ్, ఇట్స్ రూయిన్డ్."

"ఇస్తే తీసుకుంటావా?"

"నో వే."

"షీలా?"

"తీసుకుంటా డాడీ. కానీ రంగు?"

"డబ్బిస్తే ఎవరైనా రంగు వేసిపెడతారమ్మా. అది కొన్న రంగు. అసలు రంగు రావాలంటే వారం వారం నూనె గుడ్డ పట్టాలి, చెయ్యి తగలాలి. నలభై ఏళ్ళు పడుతుంది. పాడుచేసినవాడే ఆ పని చెయ్యాలి. అది న్యాయం." నా వైపు తిరిగారు. "చేస్తావా?"

"చేస్తానండీ," అన్నాను. ఆ క్షణంలో సముద్రం తోడమన్నా తోడేవాణ్ణి.

"కానీ ఇది మా గడప దాటకూడదు. జాక్‌కి నేనిచ్చిన మాట. ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉండాలి." ఆయన మీసం సవరించుకున్నారు. "తుపాకీ బయటికి పోకూడదు. తోమినవాడు నలభై ఏళ్ళు దాని దగ్గరే ఉండాలి. ఆలోచిస్తే ఒక్కటే దారి కనిపిస్తోంది."

ముందు ఆంటీకి అర్థమైంది. కొంగుతో కళ్ళద్దుకుంది. తర్వాత సామ్‌కి అర్థమై "నో!" అని బల్ల చరిచాడు. షీలా మొహం ఎర్రగా అయిపోయింది. అందరూ నాకేసే చూస్తున్నారు. నేను మాత్రం లెక్క వేసుకుంటున్నాను. మాస్టారి మనవణ్ణి కదా.

"అయితే అంకుల్," అన్నాను బాధ్యతగా, "వారానికోసారి రానూ పోనూ అయిదు గంటలు. మీరు పెర్త్‌కి మారాక దగ్గరవుతుంది. నేను బస్సులో వచ్చి తుడిచి వెళ్ళిపోతాను. మీకేమీ ఇబ్బంది ఉండదు."

బల్ల కింద షీలా బూటు నా మోకాలి మీద దిగింది.

ఆనందరావుగారు నన్ను తేరిపార చూశారు. తర్వాత కూతురివైపు తిరిగి, "అమ్మా, ఇంకొక్కసారి ఆలోచించుకో. నలభై ఏళ్ళు," అన్నారు.

ఆలోచించుకోలేదు. ఇప్పుడు పెర్త్ శివార్లలో, హారిస్‌డేల్‌లో మా ఇంట్లో, షీలా పేరుమీద లైసెన్సుతో, తాళమేసిన ఇనప్పెట్టెలో ఉంది ఆ తుపాకీ. ప్రతి శనివారం షీలా బయటికి తీస్తుంది, నేను నూనె గుడ్డ పడతాను. ఆనందరావుగారు పోయేముందు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "నీళ్ళెక్కువైన టీ రంగు వచ్చిందయ్యా, ఫర్వాలేదు," అన్నారు. ఆయన నోట ఫర్వాలేదు అనిపించుకోవడం కోసం ఇంకో నలభై ఏళ్ళయినా తుడుస్తాను.

అందుచేత చదువరులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి, ఎడమచెయ్యి గుండెమీద పెట్టుకుని, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. నాకంటే వయసులో పెద్దదైన ఏ వస్తువునూ, అది ఇనుమైనా ఇత్తడైనా, ఎంత మాసినా, ఎవరు అడిగినా, నా కంఠంలో ప్రాణముండగా తోమను గాక తోమను.

ఈ ప్రమాణం రాసి, బావుందో లేదో చూడమని షీలాకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా రెండుసార్లు చదివింది.

"వెరీ నైస్," అంది. "సింక్‌లో గిన్నెలున్నాయి. అన్నీ నీకంటే చిన్నవే."